కాకినాడలో మూడు చూశాం, ఏది కొనమంటారు?

ప్రశ్న: మావారు వచ్చే జూన్‌లో రిటైరవుతున్నారు. సొంతూరు పిఠాపురం దగ్గర పల్లె. ముప్పై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉన్నాం, ఇకమీదట కాకినాడలో ఉండాలని మా ఇద్దరి కోరిక. 65 లక్షలు దాటకూడదనుకుని మూడు చూశాం. ఒకటి, ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు పక్కన లేఅవుట్‌లో 200 గజాల స్థలం. సముద్రానికి 600 మీటర్లంటున్నారు. అక్కడ ఇల్లు మేమే కట్టుకోవాలి. రెండు, రమణయ్యపేటలో 14 ఏళ్ల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. మూడు, జగన్నాథపురంలో ఉప్పుటేరుకు దగ్గరి వీధిలో 150 గజాల్లో 1984లో కట్టిన డాబా ఇల్లు. ముగ్గురు అన్నదమ్ములు కలిసి అమ్ముతున్నారు, ఒకాయన అమెరికాలో ఉంటారు. మావారికి స్థలం మీద మనసుంది, నాకు డాబా మీద. ఫ్లాటు ఇద్దరికీ అంతగా నచ్చలేదు. ఏం చూసి తేల్చుకోవాలి?
— ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ ఇద్దరికీ నచ్చని ఆ ఫ్లాటుకే మా ఓటు. అదీ కింద చెప్పే పరీక్షలకు నిలబడితేనే. స్థలం వద్దు. డాబా సంగతంటారా, ఇంటికి ఒక్క రూపాయి విలువ కట్టకుండా ఖాళీ స్థలం ధరకే వస్తే ఆలోచించండి.

కాకినాడ చదునైన ఊరు. సముద్ర మట్టానికి సగటు ఎత్తు రెండు మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి ఇక్కడ అడుగు, రెండడుగుల తేడాకే ఒక వీధి మునుగుతుంది, పక్క వీధి పొడిగా ఉంటుంది. తూర్పున హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డం ఉంది కాబట్టి ఊరి ముందు సముద్రం చెరువులా కనబడుతుంది. ఆ దిబ్బ అలల దెబ్బను ఆపుతుంది. తుపానుకు సముద్ర మట్టమే లేస్తే మాత్రం దాన్ని ఆపలేదు. లేచిన నీరు లోతు తక్కువున్న అఖాతంలోకి, అక్కడి నుంచి ఉప్పుటేర్లలోకి ఎక్కుతుంది. 1839 నవంబరులో కోరంగి రేవును దెబ్బతీసింది అలాంటి ఉప్పెనే. 1996 నవంబరు 6 రాత్రి తుపాను తీరం దాటింది కూడా కాకినాడకు దక్షిణంగానే.

మామూలు వానలకు కూడా చిక్కు ఇక్కడే వస్తుంది. వీధి కాలువల నీరు చివరికి ఏట్లోకో సముద్రంలోకో పోవాలి. పోటు సమయంలో అక్కడి మట్టం పైకి వస్తే కాలువ నీరు దిగదు, పాటు వచ్చేదాకా వీధిలోనే నిలబడుతుంది. పౌర్ణమికీ అమావాస్యకూ పోటు మరీ ఎక్కువ. ఆ రోజుల్లో పెద్ద వాన కలిసిందంటే పల్లపు వీధుల్లో మోకాలి లోతు తప్పదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఏజెంటు బండి మీద వెళ్లి చూసొచ్చిన ఇంట్లో ఇదేదీ కనపడదు.

చూడాల్సిన ఆనవాళ్లు వేరే ఉన్నాయి. ప్రహరీ గోడ మీద నేల నుంచి ఒకే ఎత్తులో సాగిన మరక ఉందా? ఆ వీధిలో వాళ్లు గేటు దగ్గర గడప ఎత్తు పెంచుకున్నారా? మోటారును, కరెంటు మీటరును నడుమెత్తు దిమ్మ మీదకు ఎక్కించారా? రోడ్డు మీద నుంచి ఇంట్లోకి మెట్లు ఎక్కుతున్నారా, దిగుతున్నారా? సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ అరడుగు పైకి లేస్తుంది. మూడుసార్లు వేస్తే ఒకప్పటి మెరక ఇల్లు పల్లమైపోతుంది. ఇంటి పునాది మట్టం రోడ్డు నడిమి భాగం కన్నా కనీసం రెండడుగులు ఎత్తుండాలి, మూడైతే నిశ్చింత. అమ్మేవాళ్లను అడక్కండి. పాలు పోసే ఆయన్ని, ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి. వానలో ఏ వీధిలోకి వెళ్లలేరో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఇప్పుడు మీవారి స్థలం విషయం. హోప్ ఐలాండ్ చాటు ఊరి వరకే. ఉత్తరంగా ఉప్పాడ వైపు వెళ్లే కొద్దీ ఆ చాటు తప్పిపోతుంది, అల నేరుగా ఒడ్డును కొడుతుంది. ఉప్పాడ తీరం దశాబ్దాలుగా కోతకు గురవుతూనే ఉంది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియో ట్యూబుతో కట్ట కట్టారు, అయినా కోత ఆగలేదు. పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు దెబ్బతిని రాకపోకలు ఆపేస్తారు. వేటకు వెళ్లే కుటుంబాలకు తీరాన్ని అంటిపెట్టుకుని ఉండక తప్పదు. మీకు ఆ అవసరం లేదు కదా.

ఆ 600 మీటర్లు ఎక్కడి నుంచి కొలిచారని అడగండి. తీర ప్రాంత నియంత్రణ నిబంధనలకు, అంటే సీఆర్‌జెడ్‌కు, కొలత అలల అంచు నుంచి కాదు, పెద్ద పోటుకు నీరు చేరే గీత (హై టైడ్ లైన్) నుంచి మొదలవుతుంది. అక్కడి నుంచి లోపలికి 500 మీటర్ల వరకు నియంత్రణ ఉంటుంది. ఊరి వెలుపలి తీరంలో మొదటి భాగం అసలు నిర్మాణాలు చేయకూడని ప్రాంతం. 2011 నోటిఫికేషన్‌లో అది 200 మీటర్లు. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న పల్లెలకు దాన్ని 50 మీటర్లు చేసి, మిగతా చోట్ల 200 గానే ఉంచింది. ఆ తర్వాతి భాగంలో కట్టుకోవడానికి కూడా షరతులున్నాయి. కోత పడుతున్న తీరంలో హై టైడ్ లైన్ ఇవాళ ఉన్నచోట పదేళ్ల తర్వాత ఉండదు. అంటే మీ 600 మీటర్లు ఏటా తరుగుతూ వచ్చే లెక్క. బ్రోకరు చూపించే ఫోను మ్యాపు చెల్లదు. సర్వే నంబర్లతో ఉన్న తీర నిర్వహణ పటంలో ఆ స్థలం ఏ జోన్‌లో పడిందో పట్టణాభివృద్ధి సంస్థ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. లేఅవుట్‌కు ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి సంఖ్య) ఉన్నంత మాత్రాన ఇల్లు కట్టడానికి సీఆర్‌జెడ్ అనుమతి వచ్చేసినట్టు కాదు.

ఇంకో అనుమానం నేల మీద. ఆ వైపు లేఅవుట్లలో కొన్ని ఒకప్పటి వరి చేలు, ఉప్పు మడులు, రొయ్యల చెరువులు. పైన నాలుగడుగులు గ్రావెల్ తోలి చదును చేస్తే గుర్తుపట్టలేం. కింద మెత్తటి బంక మన్ను అలాగే ఉంటుంది. కొత్తగా పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, అదీ ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ. మామూలు గుంత పునాది వేస్తే రెండో ఏడు కిటికీ మూలల నుంచి ఐమూల బీటలు పడతాయి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి జరిపి చూడండి, అక్కడ చెరువుండేదో మడి ఉండేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. మట్టి పరీక్ష లేకుండా అక్కడ గజం కూడా కొనకూడదు. పరీక్షలో మెత్తమన్ను తేలితే పైల్ పునాదికి (గట్టి నేల తగిలేదాకా లోతుగా దించే కాంక్రీటు స్తంభాలకు) అయ్యే ఖర్చును స్థలం ధరలో కలిపి లెక్క చూడండి. చౌక అనుకున్నది చౌక కాదని తెలుస్తుంది.

దారిలో వాకలపూడి పారిశ్రామిక ప్రాంతం ఉంది. ఎరువుల కర్మాగారం, వంటనూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీలు, రేవుకు తిరిగే లారీలు. గాలి మళ్లినప్పుడు వాసన ఎంత దూరం వస్తుందో పగలు తెలియదు, రాత్రి పదింటికి ఓసారి, తెల్లారి అయిదింటికి ఓసారి వెళ్లి నిలబడి చూడాలి.

ఇక మీ మనసున్న డాబా. జగన్నాథపురం పాత ఊరు, బజారు దగ్గర, వీధిలో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే ఉంటారు. ఆ ముచ్చట మాకు అర్థమవుతుంది. కానీ 1984లో పోసిన స్లాబు నలభై ఏళ్లుగా ఉప్పుగాలి తింటోంది. అప్పట్లో ఇళ్లకు కాంక్రీటు చేత్తో కలిపేవారు, కొన్నిచోట్ల ఉప్పు బావి నీళ్లతోనే. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటులోకి దిగి ఇనుప చువ్వను చేరిందా, తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. మనకు పైకి కనపడే పెచ్చులు ఆ చివరి దశే.

అమ్మకానికి పెట్టే ముందు పెచ్చుల మీద సిమెంటు పూసి రంగు వేయించడం మామూలే. అందుకని చిన్న సుత్తితో స్లాబు కింది భాగాన్ని అడుగుకోసారి కొట్టి వినండి. గట్టి చోట టంగ్‌మంటుంది, పొర విడిపోయిన చోట బోలుగా డొప్ప శబ్దం వస్తుంది. ఒకటి రెండు చోట్ల పెచ్చు తీయించి చువ్వను వైరు బ్రష్షుతో రుద్ది వెర్నియర్‌తో కొలిపించండి. 8 మిల్లీమీటర్ల చువ్వ అరిగి 7 అయిందంటే పోయింది ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ దాని అడ్డుకోత వైశాల్యంలో, అంటే బలంలో, దాదాపు నాలుగో వంతు పోయినట్టు. సగం స్లాబు బోలుగా పలికితే మరమ్మతు మాట మరచిపోండి, పడగొట్టి కట్టాల్సిందే.

పడగొట్టాలంటే మళ్లీ సీఆర్‌జెడ్ అడ్డొస్తుంది. ఇది సముద్రం ఒడ్డునే కాదు, పోటు నీరు ఎక్కే ఏర్ల గట్లకూ వర్తిస్తుంది. 2011 నిబంధనలో 100 మీటర్లు లేదా ఏరు వెడల్పు, ఏది తక్కువైతే అంత. 2019లో ఆ 100 కాస్తా 50 అయింది. పాత అధీకృత ఇంటి స్థానంలో కొత్తది కట్టుకునే వీలు పట్టణ పరిధిలో ఉంది. అయితే ఆ పాత ఇంటికి ప్లాను ఉండాలి. 1984 నాటి ప్లాను కాగితం అన్నదమ్ముల దగ్గర ఉందో లేదో ముందు అదే అడగండి.

హక్కుల విషయమూ కాస్త గట్టిగా చూడాలి. ముగ్గురు అన్నదమ్ములన్నారు, అక్కచెల్లెళ్లు లేరా? ఉంటే వాళ్ల సంతకాలూ కావాలి. తండ్రి వీలునామా రాశారా, భాగ పంపకాలు రిజిస్టరయ్యాయా, కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఎవరెవరి పేర్లున్నాయి, ఇవన్నీ తేలాలి. అమెరికాలో ఉన్నాయన రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. వాట్సాప్‌లో వచ్చిన స్కాన్ కాపీని నమ్మి అడ్వాన్సు ఇవ్వొద్దు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. మీ డాబా సరిగ్గా ఆ గీత మీదే ఉంది. కాబట్టి స్థలం వాళ్ల తండ్రికి ఎలా వచ్చిందో చెప్పే లింకు డాక్యుమెంటు కోసం పాత పుస్తకాల వెతుకులాట తప్పకపోవచ్చు.

ఫ్లాటుకు ఎందుకు ఓటేశామంటే, మూడో అంతస్తుకు వరద రాదు, రోజువారీ అవసరాలు దగ్గర, 14 ఏళ్లంటే భవనంలో లోపం ఉంటే ఈపాటికి బయటపడి ఉంటుంది. కొత్త ఫ్లాటులో ఆ సౌకర్యం లేదు, దాని లోపాలు మీరు దిగాక ఒక్కొక్కటే తెలుస్తాయి.

మీ ఫ్లాటు లోపల టైల్సు, మాడ్యులర్ కిచెన్ చివర్లో చూడండి. ముందు కింద పిల్లర్ల మధ్య ఉండే స్టిల్ట్ పార్కింగ్‌లోకి వెళ్లండి. పిల్లర్ల అడుగున మోకాలెత్తు వరకు తుప్పు మరకలు, నిలువుగా చువ్వ దారి వెంట సాగిన పగుళ్లు ఉంటే అక్కడే ఆగిపోండి. ఎందుకంటే పిల్లరు బాగు చేయడం మీ ఒక్కరి చేతిలో లేదు, అందరూ డబ్బు వేసుకోవాలి. తర్వాత లిఫ్టు గుంతలో నీరు ఊరుతోందేమో చూడండి. అక్కణ్నుంచి మేడ మీదకు. వాటర్ ట్యాంకు కింది దూలాలు, మెట్ల గది పైకప్పు, సముద్రం వైపు సజ్జలు, బాల్కనీ అంచు అడుగు భాగం. ఉప్పుగాలికి ముందు బలయ్యేవి ఇవే.

అన్నీ పైకి బాగున్నా ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును తీసుకెళ్లండి. లక్షలు పోసే చోట ఆయన ఫీజు దగ్గర బేరమాడకండి. కాంక్రీటు చిన్న ముక్క చెక్కి, అప్పుడే తెరిచిన ఆ చోట ఫినాఫ్తలీన్ చల్లమనండి. గులాబీ రంగు వస్తే కాంక్రీటులో క్షారగుణం ఇంకా ఉంది, చువ్వకు రక్షణ ఉంది. రంగు రాకపోతే ఆ లోతు వరకు రక్షణ పోయినట్టే. అయితే ఈ పరీక్షకు ఉప్పు చిక్కదు. గులాబీ రంగు వచ్చిన కాంక్రీటులో కూడా క్లోరైడు ఎక్కువుంటే తుప్పు పడుతుంది. అందుకే డ్రిల్లు పొడి తీసి ల్యాబులో క్లోరైడు కూడా చూడమనాలి. సముద్రపు ఊళ్లలో మొదటిది చేసి రెండోది వదిలేస్తే సగం పరీక్షే చేసినట్టు.

చువ్వ మీద కవర్, అంటే దాన్ని కప్పిన కాంక్రీటు మందం, ఎంతుందో కవర్ మీటరుతో కొలవచ్చు. తీర ప్రాంతానికి కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెప్పేది 45 మిల్లీమీటర్ల కవరు, ఎం30 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగితే బలం ఎక్కువ). ఉప్పుగాలి నేరుగా సోకని మరుగు భాగాలకు 30 మిల్లీమీటర్లు, ఎం25. చాలా అపార్ట్‌మెంట్లలో స్లాబు కింద 20కి మించి దొరకదు. అది ఒక్కటే కారణంగా ఫ్లాటు వదులుకోనక్కర్లేదు గానీ, లోపలి క్లోరైడు కూడా ఎక్కువుంటే మరో పదేళ్లలో పెద్ద మరమ్మతు ఖాయమని ధరలో తగ్గించుకోవాలి. ఇప్పటికే మరమ్మతులు చేసిన చోట ఎలా చేశారో అసోసియేషన్‌ను అడగండి. చువ్వ వెనక వైపు కూడా కాంక్రీటు తీసి, తుప్పు రుద్ది, జింకు ప్రైమరు వేసి, పాలిమర్ మోర్టారుతో నింపితే అది పని. ఊరికే సిమెంటు మెత్తితే ఒకటి రెండు వానాకాలాల్లో మళ్లీ ఊడుతుంది.

కాగితాల్లో ఫ్లాటుకు ప్రధానంగా చూడాల్సింది మూడు. ఆమోదించిన ప్లానులో ఆ అంతస్తు, ఆ ఫ్లాటు ఉన్నాయా. భవనం ప్లాను ప్రకారమే కట్టారని, ఉండటానికి పనికొస్తుందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా. దస్తావేజులో మీకు వచ్చే అవిభాజ్య స్థలం వాటా ఎన్ని గజాలు. సముద్రపు ఊళ్లో భవనం ఆయుష్షు తక్కువ, అది పడగొట్టే రోజున మీ పిల్లలకు మిగిలేది ఆ గజాలే. 1,000 గజాల్లో 20 ఫ్లాట్లుంటే సగటున 50 రావాలి. 30 రాసి ఉంటే మిగతావి ఎవరి పేర ఉన్నాయో అడగాలి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) లేదని కూడా చూసుకోండి. ఇది మూడింటికీ వర్తిస్తుంది.

డబ్బు లెక్కలో అసలు ధరకు పైన ఏపీలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ధర 50 లక్షలు లేదా అంతకు మించితే అమ్మేవారికిచ్చే సొమ్ములో 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫున ముందే కోసే ఆదాయపు పన్ను) మీరే పట్టుకుని కట్టాలి. అమ్మేవాళ్లలో ఎన్నారై ఉంటే లెక్క మారుతుంది, ఆయన వాటా మీద టీడీఎస్ చాలా ఎక్కువ. డాబా విషయంలో ఇది మరచిపోతే నోటీసు మీకే వస్తుంది. 65 లక్షల్లో వీటన్నిటికీ, మరమ్మతులకూ పోగా ఫ్లాటు ధర 57, 58 దాటకుండా చూసుకోండి.

నీళ్ల సంగతి మరవకండి. హైదరాబాద్‌లో బోరు ఎండిపోతుందని భయం. ఇక్కడ బోరులో నీళ్లుంటాయి గానీ ఉప్పగా ఉంటాయి. కొన్ని వందల రూపాయలకు దొరికే, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొని జేబులో వేసుకెళ్లండి. బోరు కుళాయి, మున్సిపల్ కుళాయి విడివిడిగా పట్టి చూడండి. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 వరకు సరే అంటుంది తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500. బోరు 2,000 దాటిందంటే గీజరు రాడ్లు, కుళాయిలు, వాషింగ్ మెషీను తొందరగా పాడైపోతాయి. మున్సిపల్ నీరు గోదావరి కాలువలది. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు అరట్లకట్ట లాంటి నిల్వ చెరువుల నుంచి ఇస్తారు. మే నెలలో ఎన్ని గంటలు వస్తోంది, మూడో అంతస్తుకు ఎక్కుతోందా, సంపులో మున్సిపల్ నీరు, బోరు నీరు కలిపేస్తున్నారా అని అడగండి. కలిపేస్తుంటే వంటింటికి వేరే పైపు వేయించుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందా అన్నది కూడా. ఇద్దరికి రోజుకు 270 లీటర్లు వేసుకున్నా మూడు రోజుల నిల్వకు వెయ్యి లీటర్ల ట్యాంకు సరిపోతుంది.

రైలు గురించి మీరు అడగలేదు గానీ హైదరాబాద్ రాకపోకలుంటాయి కాబట్టి ఒక మాట. కాకినాడ మెయిన్ లైన్ మీద లేదు. గౌతమి ఎక్స్‌ప్రెస్ లాంటివి ఊళ్లోంచే బయల్దేరతాయి, చాలా బళ్లకు మాత్రం సామర్లకోట వెళ్లాలి. రమణయ్యపేట, సర్పవరం వైపుంటే ఆ ప్రయాణం తేలిక, జగన్నాథపురం నుంచైతే ఊరంతా దాటాలి.

జూన్‌లో రిటైరవుతున్నారు కదా, జూన్‌లోనే కొనేయకండి. జులైలో రమణయ్యపేటలోనే, కుదిరితే అదే అపార్ట్‌మెంట్‌లో, అద్దెకు దిగండి. తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఆ మూడు నెలలు అక్కడ గడిపితే వీధిలో నీరు ఎంతసేపు నిలుస్తుందో, కరెంటు ఎన్నాళ్లు పోతుందో, జనరేటరు లిఫ్టుకూ మోటారుకూ ఉందా లేక లైట్లకేనా అన్నది మీకే తెలిసిపోతుంది. ఈలోగా అమ్మేవాళ్లు ఎవరికైనా ఇచ్చేస్తారేమోనని కంగారు పడకండి. పద్నాలుగేళ్ల ఫ్లాట్లు ఆ చుట్టుపక్కల ఇంకా దొరుకుతాయి.

కొన్న రోజే ఇంటి బీమా తీసుకోండి. భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద నష్టాలు వస్తాయి. తీరం కోతకు గురై ఇల్లు పోయినా, పోసిన మట్టి కుంగి ఇల్లు బీటలిచ్చినా ఆ పాలసీ చెల్లించదు. బీచ్ రోడ్డు స్థలం మీద మీవారు ఇంకా పట్టుబడితే పాలసీ తెరిచి ఆ వాక్యం ఆయనకు చూపించండి.